నల్లా, మీటరు, రేషను, బడి: కిరాయి గదుల నుంచి వచ్చిన ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హైదరాబాద్‌లో బోరబండ, రహ్మత్‌నగర్, జగద్గిరిగుట్ట, అడ్డగుట్ట వైపు బస్తీల నుంచి వచ్చినవే. రాసినవాళ్ళలో పాలమూరు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికోసం వచ్చినవాళ్ళు ఉన్నారు. ఒడియా, హిందీ తప్ప రాని పక్కింటివాళ్ళ తరఫున రాసినవాళ్ళూ ఉన్నారు. పేర్లు తీసేసి ప్రశ్నలు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు, నేను ఇళ్ళల్లో పని చేస్తాను. ఆంధ్రా రైస్ కార్డు ఉంది, అందులో నలుగురం. అత్తమ్మ ఊళ్ళోనే ఉంది. ఇక్కడి రేషన్ షాపులో ఒక నెల బియ్యం ఇచ్చారు, ఒక నెల ‘నీ కార్డులో ఏం లేదు’ అన్నారు, ఇంకో నెల వేలిముద్ర పడలేదు. మా కార్డు ఇక్కడ చెల్లుతుందా, చెల్లదా?

జవాబు: చెల్లుతుందమ్మా. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో మొదలుపెట్టినప్పుడు మొదటి జతల్లో ఒకటి తెలంగాణ, ఆంధ్రానే. కాకపోతే కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం జాబితాలో ఉండాలి. రాష్ట్రం తన సొంత ఖర్చుతో ఇచ్చే కార్డులు ఆ రాష్ట్రంలోనే పనిచేస్తాయి. ఒక నెల మీకు ఇచ్చారంటే మీ కార్డు ఆ జాబితాలో ఉన్నట్టే.

‘ఏం లేదు’ అన్నారంటే చాలాసార్లు జరిగేది ఇది: మనిషికి 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు. ఊళ్ళో అత్తమ్మ వేలు పెట్టగానే డీలరు మిషన్‌లో మొత్తం 20 కిలోలూ ఎక్కించేస్తాడు. ఆ తర్వాత ఇక్కడ మిషన్‌లో సున్నా చూపిస్తుంది. మొత్తం ఒకేసారి తీసుకోవాలన్న నియమం లేదు. ‘నాకు 5 కిలోలే ఇవ్వు, మిగతాది హైదరాబాద్‌లో నా కోడలు తీసుకుంటది’ అని అత్తమ్మ వేలు పెట్టకముందే చెప్పాలి. మిగిలిన 15 కిలోలు మీరు ఇక్కడ తీసుకోవచ్చు. ఇక్కడి కార్డులవాళ్ళకు వచ్చే ఆరో కిలో తెలంగాణ ప్రభుత్వం కలిపేది, అది మీ లెక్కలోకి రాదు. దానికోసం డీలరుతో గొడవ పడకండి.

వేలిముద్ర సంగతికి వస్తే, సెంట్రింగ్, సిమెంటు పని చేసేవాళ్ళ చేతుల మీద గీతలు అరిగిపోతాయి. కార్డులో పేరున్న ఎవరు వెళ్ళినా సరిపోతుంది కాబట్టి మీరే వెళ్ళండి. గిన్నెలు తోమి నేరుగా వెళ్తే తడికి ఉబ్బిన వేళ్ళు కూడా పడవు. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఒక వేలు కాకపోతే పది వేళ్ళూ చూడమనండి. కనుపాప మిషన్ ఉన్న షాపయితే దాంతో చూడమని అడగండి. నెల మొదటి పక్షంలోనే వెళ్ళండి, ఆలస్యమైతే షాపులో సరుకు అయిపోతుంది. ఊరికి పోకుండా ఈ-కేవైసీ (ఆధార్‌తో వేలిముద్ర సరిచూడటం) కూడా ఇక్కడి షాపులోనే చేయించుకోవచ్చు. డీలరు ఇవ్వనంటే రేషన్ హెల్ప్‌లైన్ 14445కు గానీ, పౌరసరఫరాల వాళ్ళ 1967కు గానీ ఫోన్ చేసి కార్డు నంబరు, షాపు నంబరు చెప్పండి.

ప్రశ్న: రహ్మత్‌నగర్‌లో ఒక బిల్డింగులో ఐదు పోర్షన్లు, అందరం కిరాయికే. ఒకటే పెద్ద మీటరు, మాకు సబ్‌మీటర్లు. ఓనరు యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటాడు. ఒక్క గదికి నెలకు 600 ఎట్లా వస్తుందో అర్థం కాదు. పక్క బిల్డింగులో జీరో బిల్లు అంటున్నారు. మాకెందుకు రాదు?

జవాబు: ముందు మీ గదిలో ఎంత కాలుతుందో లెక్క కట్టుకుందాం. సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 31 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, ఆరేసి గంటలు వెలిగితే 3 యూనిట్లు. చిన్న టీవీ నాలుగు గంటలు పెడితే 6. 700 వాట్ల రైస్ కుక్కర్ రెండు పూటలా అరగంట చొప్పున 21. అంతా కలిపితే 60 పైచిలుకు. అంటే 600 రూపాయలు మీటరు తప్పు వల్ల వచ్చినవి కావు, ధర వల్ల వచ్చినవి.

ఇప్పుడు ఓనరు వైపు చూడండి. ఐదు గదులూ తలా 60 కాలిస్తే పెద్ద మీటరు మీద 300. నెలకు 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, తర్వాతి వందకు 7 రూపాయల 70 పైసలు. 1,020కి 770 కలిపితే 1,790. మోటారు కరెంటు పక్కన పెడితే, మిగతా చిల్లర ఛార్జీలు వేసినా మామూలుగా 2 వేలు దాటదు. మీ ఐదుగురి దగ్గర వసూలయ్యేది 3 వేలు. అదే 60 యూనిట్లకు మీకు విడి మీటరు ఉంటే మొదటి 50కి 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 10కి 3 రూపాయల 10 పైసలు పడుతుంది. మొత్తం 128 రూపాయల 50 పైసలు. ఒకే మీటరు మీద ఐదు కుటుంబాలు ఉండటంతో అందరూ పెద్ద శ్లాబులోకి వెళ్ళిపోతున్నారు. బీదవాళ్ళకని పెట్టిన తక్కువ రేటు బీదవాళ్ళకే అందకుండా పోవడం ఇక్కడే జరుగుతోంది.

ఓనరుతో మాట్లాడేటప్పుడు ‘మోసం’ అనే మాటతో మొదలుపెట్టకండి. నెల బిల్లు చూపించమని అడగండి. బిల్లు మొత్తాన్ని పెద్ద మీటరు యూనిట్లతో భాగిస్తే ఆ నెల అసలు ధర వస్తుంది, 6 రూపాయల చిల్లర దగ్గర ఉంటుంది. ట్యాంకు నింపే ఒక హెచ్‌పీ మోటారు, మెట్ల మీది బల్బు పెద్ద మీటరు మీదే నడుస్తాయి. రోజుకు గంట మోటారుకే నెలకు 25 యూనిట్ల దాకా పోతుంది. పెద్ద మీటరుకు, సబ్‌మీటర్ల కూడికకు తేడా అదే. ఆ తేడాను ఐదుగురూ సమానంగా పంచుకుంటామని మీరే ముందు చెబితే ఓనరు కూడా వింటాడు.

సబ్‌మీటరు మీద అనుమానం ఉంటే ఇట్లా చూడండి. గదిలో స్విచ్‌లన్నీ కట్టేసి, ప్లగ్గులన్నీ పీకేయండి. మీటరు మీది ఎర్ర చుక్క ఇంకా మినుకుతుంటే మీ లైను మీద ఇంకెవరిదో గది ఉంది, లేదా వైరు ఎక్కడో లీకవుతోంది. చుక్క ఆగిపోతే 1,000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డును బకెట్ నీళ్ళలో ముంచి, ఆ తర్వాత స్విచ్ వేసి సరిగ్గా ఆరు నిమిషాలు ఉంచండి. పదో వంతు యూనిట్ తిరగాలి. మీటరు మీద యూనిట్‌కు 3200 మినుకులని (3200 imp/kWh) రాసి ఉంటే ఆ ఆరు నిమిషాల్లో చుక్క 320 సార్ల దగ్గర మినుకుతుంది. 400 దాటితే మీటరు పరుగెత్తుతోందన్నమాట. స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టండి. తడి నేల మీద నిలబడి రాడ్డు పట్టుకుంటే ప్రాణం పోతుంది.

జీరో బిల్లు గృహజ్యోతి అనే తెలంగాణ ప్రభుత్వ పథకానిది. 2024 మార్చి బిల్లుల నుంచి ఇస్తున్నారు. నెలకు 200 యూనిట్ల లోపు వాడే, తెలంగాణ రేషన్ కార్డు ఉన్న ఇంటికి వస్తుంది. కిరాయిదారులకూ వస్తుంది. కానీ లెక్క మీటరును బట్టి కాబట్టి, 300 చూపించే మీ ఉమ్మడి మీటరుకు రాదు. పక్క బిల్డింగులో పోర్షన్‌కో మీటరు ఉండి ఉంటుంది. విడిగా వంటిల్లు ఉన్న పోర్షన్‌కు విడి సర్వీసు అడగవచ్చు. ఓనరు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ‘ఖాళీ చేసిపోయేవాళ్ళు బిల్లు ఎగ్గొడితే నా మీద పడుతుంది’ అన్నది ఓనర్ల భయం. అడ్వాన్సులో ఒక నెల బిల్లు కూడా పట్టి ఉంచుకోమనండి. మీలో తెలంగాణ కార్డు ఎవరికుందో చూసుకుని మొదట వాళ్ళ పోర్షన్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా గల్లీలో రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. వదలగానే మోరీ వాసన, కాసేపటికి తగ్గుతుంది. పోయిన వారం మా చిన్నోడికి విరేచనాలు. పటిక తిప్పి తాగుతున్నాం. ఇంకేం చేయాలి?

జవాబు: పటిక మట్టిని కిందికి దింపుతుంది గానీ క్రిములను చంపదు. నీళ్ళు తేటగా కనిపించినంత మాత్రాన తాగడానికి పనికొస్తాయని కాదు. బుడగలు వచ్చాక కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, మూత పెట్టి, అదే గిన్నెలో చల్లారనివ్వండి. గ్యాసుకు ఇబ్బందైతే క్లోరిన్ బిళ్ళలు వాడండి. ఎన్ని లీటర్లకు ఒకటో పొట్లం మీదే ఉంటుంది. వేశాక అరగంట ఆగి తాగాలి.

వాసన ఎందుకు వస్తుందో తెలిస్తే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. నల్లా బంద్ అయిన రోజంతా పైపు ఖాళీగా ఉంటుంది. బస్తీల్లో ఇంటి పైపు మోరీని దాటుకునో, మోరీలోంచో వస్తుంది. ఇనప పైపు అయితే తుప్పు పట్టి సన్నని చిల్లులు పడతాయి. లోపల ఒత్తిడి లేనప్పుడు ఆ చిల్లుల్లోంచి మోరీ నీళ్ళు లోపలికి దిగుతాయి. నీళ్ళు వదలగానే ముందొచ్చేది అదే. దీనికి తోడు గల్లీలో ఎవరైనా నల్లా పైపుకే మోటారు బిగిస్తే, అది నీళ్ళతో పాటు చుట్టుపక్కల చిల్లుల్లోంచి మురుగునూ లాగుతుంది. మోటారు పెట్టినవాళ్ళకు రెండు బిందెలు ఎక్కువ రావచ్చు, గల్లీ పిల్లలందరికీ వచ్చేది మాత్రం విరేచనాలు. నల్లా పైపుకు మోటారు పెట్టడం నిబంధనలకు కూడా విరుద్ధం.

వచ్చే నల్లా రోజున మూడు గాజు సీసాలు సిద్ధంగా పెట్టుకోండి. వదలగానే ఒకటి, పది నిమిషాలకు ఒకటి, ఆపే ముందు ఒకటి పట్టి, టైము రాసి వరసగా పెట్టండి. ఎదురింట్లో, పక్కింట్లో కూడా ఇలాగే పట్టమనండి. మీ ఒక్కరి మొదటి సీసాయే మురికిగా ఉంటే చిల్లు మీ ఇంటి పైపులో ఉంది, మోరీ దాటే చోట తవ్వించండి. తుప్పు ముక్క తీసేసి, నల్ల ప్లాస్టిక్ పైపు వేసి, వీలైతే మోరీకి పైనుంచి, ఇంకో పెద్ద గొట్టంలో దూర్చి దాటించండి. గల్లీ అందరి సీసాలూ మురికిగా ఉంటే గల్లీ లైను పని, జలమండలి చేయాల్సిందే. 155313కు ఫోన్ చేసి బిల్లు మీద ఉండే తొమ్మిది అంకెల క్యాన్ (నల్లా కనెక్షన్) నంబరు చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఒక్క ఇంటి నుంచి కాకుండా ఐదారు ఇళ్ళ నుంచి అదే రోజు ఫోన్లు వెళ్తే లైన్‌మన్ సీసాలు చూడటానికైనా వస్తాడు. అప్పటిదాకా మొదటి పది నిమిషాల నీళ్ళు బట్టలకూ, కడుగుళ్ళకూ వాడుకోండి, తాగే బిందెలో మాత్రం పట్టకండి.

చిన్నోడికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో పూర్తిగా కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. ప్యాకెట్ లేకపోతే లీటరుకు గుట్టగా కాకుండా అంచు వరకే నింపిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. జింకు బిళ్ళలు బస్తీ దవాఖానాలో అడగండి, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. కళ్ళు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా బస్తీ దవాఖానా తెరిచేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ప్రశ్న: జీడిమెట్ల వైపు మా పక్క గదిలో ఒడిశా కుటుంబం ఉంది. పాప నాలుగో తరగతి మధ్యలో వదిలేసి వచ్చింది. టీసీ లేదు, తెలుగు రాదు. బడిలో ‘టీసీ తెస్తేనే’ అన్నారట. నేను మాట్లాడవచ్చా?

జవాబు: తప్పకుండా మాట్లాడండి, వాళ్ళకిప్పుడు మీలాంటివాళ్ళే కావాలి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను టీసీ రాలేదన్న కారణంతో ఆపకూడదు. వయసు పత్రం లేదనీ, జూన్ దాటిపోయిందనీ కూడా ఆపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే వేయాలి, తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. ఆధార్ లేదన్నదీ కారణం కాదు.

హెడ్మాస్టర్లకు ఉండే అసలు చిక్కు కంప్యూటర్‌లో. ప్రతి పిల్లకూ పెన్ అనే విద్యార్థి నంబరు ఉంటుంది. పాత బడి తన జాబితాలోంచి పాపను వదిలితేనే కొత్త బడి తన జాబితాలో చేర్చుకోగలదు. అందుకని ఊళ్ళో పాత బడి సారుకు వాళ్ళ నాన్న చేత ఒడియాలోనే ఫోన్ చేయించి, పెన్ నంబరు అడిగి, పేరును డ్రాప్ బాక్సులో (బడి వదిలిన పిల్లల జాబితాలో) పెట్టమని చెప్పించండి. ఆ పని జరిగేలోపు పాప తరగతిలో కూర్చోవచ్చు, మధ్యాహ్న భోజనం తినవచ్చు. ఈ మాట హెడ్మాస్టరుకు మర్యాదగా చెప్పి, తండ్రి సంతకంతో తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇచ్చి, దాని జిరాక్సు మీద తేదీ వేయించుకోండి. అప్పటికీ కాదంటే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళండి.

భాషకు భయపడకండి. పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు ఉంటాయి. లెక్కలు ఆ పాపకు ముందే పట్టుబడతాయి. సాయంత్రం మీ పిల్లలతో పాటు అరగంట కూర్చోబెట్టుకుని, ఇంట్లో వస్తువుల పేర్లు తెలుగులో చెప్పించండి.

ప్రశ్న: అడ్డా మీద నుంచి ఒక మేస్త్రీ మమ్మల్ని ఆరుగురిని తీసుకుపోయి 18 రోజులు పని చేయించుకున్నాడు. ఖర్చులకని కొంత ఇచ్చి, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఒకతని ఆధార్ కార్డు కూడా అతని దగ్గరే ఉంది. మాకు కాగితం ఏదీ లేదు.

జవాబు: కాగితం లేకపోయినా రుజువులు చాలా ఉంటాయి. మేస్త్రీ ఫోన్‌పేలో పంపిన ఖర్చుల డబ్బు, కాల్ లిస్టు, సైటులో దిగిన ఫొటోలు, టీ కొట్టు అప్పు లెక్క అన్నీ పనికొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం సైటు గేటు దగ్గరి బోర్డు. బిల్డరు పేరు, అనుమతి నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు దాని మీద ఉంటాయి. ఈ రోజే ఫొటో తీయండి. గుత్తేదారు కూలి ఎగ్గొడితే పని ఎవరి కోసం జరిగిందో ఆ యజమానే చెల్లించాలని చట్టం. చాలామంది మేస్త్రీ వెనకాలే తిరిగి అలిసిపోయి ఊరికి పోతారు. మీరు బిల్డరు పేరు కూడా కలిపి ఫిర్యాదు రాయండి.

ఆరుగురూ ఒకే కాగితం మీద రాయాలి: ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని, రోజుకు ఎంత మాట్లాడుకున్నారు, ఎంత ముట్టింది, ఎంత బాకీ. అందరి సంతకాలూ పెట్టి, సైటు ఏ ప్రాంతంలో ఉందో ఆ ప్రాంత సహాయ కార్మిక అధికారికి ఇవ్వాలి. ఆఫీసు ఏదో తెలియకపోతే ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడగండి. వకీలు సాయం ఉచితంగా కావాలంటే న్యాయ సేవల నంబరు 15100. ఆధార్ పట్టుకోవడం వేరే నేరం, దానికి పోలీసు స్టేషన్‌లో విడిగా ఫిర్యాదు ఇవ్వండి. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వమని ఎవరైనా కట్టడి చేస్తే అది 1976 చట్టం నిషేధించిన వెట్టి. నేరుగా ఆర్‌డీఓకు గానీ కలెక్టరుకు గానీ చెప్పాలి.

ఇకమీదట చిన్న పాకెట్ పుస్తకంలో రోజూ హాజరు రాసుకుని, వారానికోసారి మేస్త్రీ చేత పొడి సంతకం పెట్టించండి. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్ళు, 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ఆ 90 రోజులకు కూడా ఈ పుస్తకమే ఆధారం.

ప్రశ్న: మా పక్కింట్లో మూడు గదుల్లో ఇరవై మంది బిహార్, ఒడిశా కుర్రాళ్ళు. రాత్రంతా తలుపుల చప్పుడు, బాత్రూం నీళ్ళు గల్లీలోకి. ఆడపిల్లలున్న ఇల్లు మాది. ఓనరుకు చెప్పి ఖాళీ చేయించాలా?

జవాబు: వాళ్ళు పోతే అదే గదుల్లోకి ఇంకో ఇరవై మంది వస్తారు. గదికి కాకుండా తలకు ఇంత అని కిరాయి తీసుకుని, ఇరవై మందికి ఒక బాత్రూం ఇచ్చింది ఓనరు. గల్లీలోకి నీళ్ళు రావడానికి కారణం అదే. ఇంకో బాత్రూం కట్టించమనీ, పైపును డ్రైనేజీకి కలపమనీ గల్లీ వాళ్ళంతా కలిసి ఓనరును అడగండి. రాత్రి చప్పుడు షిఫ్టుల వల్ల. ఒక జట్టు పడుకుని లేస్తే ఇంకో జట్టు అదే చాప మీద పడుకుంటుంది. వాళ్ళలో పెద్దవాడెవరో కనుక్కుని, రాత్రి పది తర్వాత చెప్పులు చేతపట్టుకుని ఎక్కమని హిందీలో నెమ్మదిగా చెప్పండి. ఆ పెద్దవాడి ఫోన్ నంబరు మీ దగ్గరుంటే ఆడపిల్లల విషయంలో మీకున్న భయం కూడా చాలావరకు తగ్గుతుంది. ఎవరైనా హద్దు మీరితే మాత్రం ఆలోచించకుండా 112కు ఫోన్ చేయండి.

పశ్చిమ ఒడిశా వాళ్ళకు వినాయక చవితి మర్నాడు నువాఖాయ్, కొత్త బియ్యం పండగ. ఆ రోజు మీ గల్లీ వినాయకుడి మండపం దగ్గర వాళ్ళకూ ఒక పూట ప్రసాదం వడ్డించే పని అప్పజెప్పండి.

ప్రశ్న: గ్యాస్ కనెక్షన్‌కు ఇక్కడి అడ్రస్ లేదు. కొట్టులో చిన్న సిలిండర్ నింపించుకుంటున్నాం. పర్వాలేదా?

జవాబు: వద్దు. పెద్ద సిలిండర్ లోంచి చిన్నదానిలోకి దించేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ కంపెనీల 5 కిలోల సిలిండర్ ఏదైనా ఒక గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రస్ అక్కర్లేదు. గ్యాస్ ఏజెన్సీల్లో దొరుకుతుంది. కిలో లెక్కన ఇంటి సిలిండర్ కంటే ఖరీదే, కానీ సీలు ఉంటుంది, తూకం సరిగ్గా ఉంటుంది. ఉజ్వల కింద కొత్త కనెక్షన్లు ఇస్తున్నప్పుడు వలస వచ్చిన ఇంటి ఆడవాళ్ళు అడ్రస్‌కు సొంత ప్రమాణ పత్రం ఇస్తే చాలు. ఒంటి గదిలో సిలిండర్‌ను నిలబెట్టే ఉంచి, పొయ్యిని దానికంటే ఎత్తులో పెట్టండి. గ్యాస్ నేల వెంబడి పారుతుంది కాబట్టి వాసన వస్తే స్విచ్ ముట్టకుండా తలుపు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా బావ పోయిన నెల ఇక్కడ గదిలోనే గుండెపోటుతో పోయాడు. శవాన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళి దహనం చేశాం. ఊరి పంచాయతీలో మరణ ధ్రువపత్రం అడిగితే ‘మేం ఇవ్వం’ అన్నారు. అక్కకు పింఛను ఆగిపోయింది.

జవాబు: మీ అక్కకు మా సానుభూతి చెప్పండి. పంచాయతీ వాళ్ళు అన్నది నిజమే. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, దహనం ఎక్కడ చేశారన్నది లెక్కలోకి రాదు. మీ బావ నగరంలో పోయారు కాబట్టి ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ రిజిస్ట్రార్ దగ్గరే నమోదు. 21 రోజుల లోపు చెప్పాలి. అది దాటి 30 రోజుల లోపైతే కొంచెం ఆలస్య రుసుముతో అయిపోతుంది. 30 రోజుల నుంచి ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు తేవాలి. మీకు ఇంకా దారి దగ్గరగానే ఉంది, ఈ వారమే వెళ్ళండి.

పట్టుకెళ్ళాల్సినవి: చూసిన డాక్టరు ఇచ్చిన కాగితం, బావ ఆధార్, ఊరి శ్మశానంలో దహనం జరిగిందని పంచాయతీ ఇచ్చే రసీదు, గది ఓనరు గానీ పక్కింటివాళ్ళు గానీ ఇద్దరి సాక్షి సంతకాలు. పేరు అక్షరాలు ఆధార్‌లో ఎట్లా ఉన్నాయో దరఖాస్తులోనూ అట్లాగే రాయించండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా బ్యాంకులో మళ్ళీ తిప్పుతారు.

ఇది చదివే మిగతావాళ్ళు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. పని చోట ప్రమాదంలో మనిషి పోతే, ‘అంబులెన్సు నేనే పెడతా, ఊరికి తీసుకుపోండి’ అని ఎవరు తొందర పెట్టినా ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం అయ్యేదాకా శవాన్ని కదిలించవద్దు. ఆ రెండు కాగితాలు లేకపోతే నష్టపరిహారం రాబట్టడం చాలా కష్టం. రెండూ ఒక్కో కాపీ చేతికి వచ్చాకే బండి ఎక్కించండి.